డీప్ డ్రాయింగ్: రేకు గిన్నెగా మారే తీరు

చదునైన లోహపు రేకును అతుకు లేకుండా, చీలిక రాకుండా గిన్నెలాగానో గొట్టంలాగానో పెట్టెలాగానో లోతుగా మలిచే ప్రెస్ పనిని డీప్ డ్రాయింగ్ అంటారు. రేకులోంచి కత్తిరించిన బిళ్ళను డై నోటి మీద పెట్టి, పైనుంచి పంచ్‌తో నొక్కుతారు. పంచ్ దిగుతున్నకొద్దీ బిళ్ళ అంచులు నలువైపుల నుంచీ లోపలికి జారి, గోడలుగా నిలబడతాయి. వంటింటి స్టీలు గిన్నె, కుక్కర్, సింకు, గ్యాస్ బండ, శీతల పానీయాల డబ్బా, తుపాకి తూటా తొడుగు ఇలా పుట్టినవే. కచ్చితంగా చెప్పాలంటే అడ్డుకొలతను మించి లోతు ఉన్నప్పుడే ‘డీప్’ అనాలి. పనివాళ్లు మాత్రం ఈ పద్ధతిలో లాగిన ప్రతిదాన్నీ అలాగే పిలుస్తారు. తెలుగులో ‘లోతుగా లాగడం’ అని చెప్పుకోవచ్చు కానీ పాలిటెక్నిక్ తరగతుల్లోనూ ప్రెస్ షెడ్లలోనూ డ్రా, రీడ్రా, పంచ్, డై అన్న మాటలే నడుస్తాయి. ఈ వ్యాసంలోనూ అవే వాడాం.

ఈ పనిలోని చిక్కు తెలియాలంటే అడ్డాకు డొప్పను చూడాలి. ఆకును డొప్పగా కుట్టేవారు అంచును మూడు నాలుగు చోట్ల మడిచి పుల్ల గుచ్చుతారు. మడత లేకుండా ఆకు డొప్ప కాదు. చదునుగా ఉన్నప్పుడు అంచు చుట్టుకొలత ఎక్కువ, డొప్ప మూతికి కావలసింది తక్కువ. మిగిలిపోయిన ఆకును ఎక్కడో ఒకచోట దాచాలి, ఆ దాపరికమే మడత. లోహపు గిన్నెకు ఆ వీలు లేదు. మిగిలిన లోహమంతా మడత పడకుండా తనలోకి తానే ఇంకిపోవాలి. డీప్ డ్రాయింగ్‌లో లెక్కలు, పనిముట్లు, నూనెలు, రేకు ఎంపిక అన్నీ ఈ ఒక్క అవసరం చుట్టూ తిరుగుతాయి.

అంచులో కుదింపు, గోడలో లాగుడు

20 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న బిళ్ళ అంచు చుట్టూ కొలిస్తే దాదాపు 63 సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని 10 సెంటీమీటర్ల గిన్నెగా లాగితే మూతి చుట్టుకొలత 31 సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. అంటే అంచు పొడవు సగానికి తగ్గాలి. ఇందుకోసం అంచులోని లోహం రెండు వైపుల ఒత్తిడికి లోనవుతుంది. పంచ్ దాన్ని కేంద్రం వైపు లాగుతుంటే, పక్కపక్కన ఉన్న లోహం చోటు కోసం ఒకదాన్నొకటి నెట్టుకుంటుంది. లాగుడు దాన్ని పొడవు చేస్తుంది, నెట్టుడు దాన్ని ఇరుకు చేస్తుంది. ఈ రెంటి మధ్యా అంచు కొంచెం దళసరి కూడా అవుతుంది. కొత్త స్టీలు గ్లాసును అంచు కోయకముందు మైక్రోమీటరుతో కొలిస్తే మూతి దగ్గర మొదటి రేకు కంటే మందంగా, అడుగు మలుపుకు కాస్త పైన పలచగా కనిపిస్తుంది. అడుగు భాగం మాత్రం దాదాపు మొదటి మందంతోనే ఉంటుంది.

పంచ్ తాకేది గిన్నె అడుగును. రూపం మారేది దూరంగా ఉన్న అంచులో. ఆ బలాన్ని అడుగు నుంచి అంచుకు మోసేది గోడ. బావిలో చేదకు తాడు ఎలాగో ఇక్కడ గోడ అలాగ. చేద బరువు తాడు ఓర్పును మించితే తాడు తెగుతుంది. అంచు మొరాయింపు గోడ బలాన్ని మించితే గిన్నె అడుగు మలుపు దగ్గర గుండ్రంగా తెగి, అడుగు టోపీలా ఊడివస్తుంది. కాబట్టి చిరుగు అడుగు దగ్గర కనిపించినా దాని కారణాన్ని చాలాసార్లు అంచులోనే వెతకాలి. ఈ విద్య కొత్తగా నేర్చుకునేవారికి ముందుగా ఒంటబట్టాల్సిన సంగతి ఇదేనని నా అభిప్రాయం. పంచ్ రేకును సాగదీస్తుందనుకున్నంత కాలం మరమ్మతు తప్పుడు చోటే జరుగుతుంది. ఇక్కడ జరగాల్సింది సాగడం కాదు, లోపలికి ప్రవహించడం.

అంచును పట్టి ఉంచే పనిముట్టు బ్లాంక్ హోల్డర్. కొన్ని షెడ్లలో దీన్ని ప్రెషర్ ప్యాడ్ అంటారు. డైకీ బ్లాంక్ హోల్డర్‌కీ మధ్య బిళ్ళ అంచు నలుగుతూ జారుతుంది. పట్టు వదులైతే అంచు అలలు అలలుగా లేచి ముడతలు పడుతుంది. పట్టు మరీ బిగిస్తే రేకు లోపలికి రాలేక గోడ చిరుగుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఇరుకు దారిలోనే మంచి గిన్నె వస్తుంది. మొదటి అంచనాగా, పంచ్ బలంలో మూడో వంతు పట్టు పెట్టి చూస్తారు. ఆ తర్వాత ఒక్కో బిళ్ళ లాగుతూ, ముడతా చిరుగా అని చూస్తూ సరిచేసుకుంటారు.

పంచ్‌కు ఎంత బలం కావాలో లెక్క వేయడానికి వాడుకలో ఒక సులువైన సూత్రం ఉంది. గిన్నె చుట్టుకొలతను రేకు మందంతోనూ, రేకు గరిష్ఠ లాగుడు బలంతోనూ గుణించి, వచ్చినదాన్ని బిళ్ళకూ గిన్నెకూ ఉన్న నిష్పత్తి లోంచి 0.7 తీసేసిన అంకెతో మళ్ళీ గుణించాలి. పైన చెప్పుకున్న 10 సెంటీమీటర్ల గిన్నెను 1 మిల్లీమీటరు ఉక్కు రేకుతో, చదరపు మిల్లీమీటరుకు 300 న్యూటన్ల బలంతో లెక్కిస్తే 122 కిలోన్యూటన్లు వస్తుంది. అంటే పన్నెండున్నర టన్నుల బరువు అన్నమాట. చేతిలో ఇమిడే గిన్నె మీద అంత భారం పడుతుంది.

ఒక్క దెబ్బకు ఎంత లోతు

బిళ్ళ అడ్డుకొలతను గిన్నె అడ్డుకొలతతో భాగిస్తే వచ్చే అంకెను డ్రా నిష్పత్తి అంటారు. రాపిడి అనేది లేదనీ, లోహం అన్ని వైపులా ఒకే గుణంతో ఉండి పని చేస్తుంటే గట్టిపడదనీ ఊహించి సిద్ధాంతం కడితే ఈ నిష్పత్తి 2.718 దాకా పోవచ్చు. నిజమైన రేకు, నిజమైన డై దగ్గర అది 2 చుట్టుపక్కల ఆగిపోతుంది. మంచి రేకు, మంచి కందెన ఉంటే 2.2 చేరుతుంది.

ఈ హద్దు వినడానికి చిన్నదిగా ఉంటుంది కానీ చాలా వస్తువుల రూపాన్ని ఇదే నిర్ణయిస్తుంది. రేకు మందం మారదనుకుంటే బిళ్ళ వైశాల్యమూ, గిన్నె అడుగు, గోడలు కలిపిన మొత్తం వైశాల్యమూ సమానం. 10 సెంటీమీటర్ల అడ్డుకొలత, 7.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గిన్నెకు సరిగ్గా 20 సెంటీమీటర్ల బిళ్ళ కావాలి. నిష్పత్తి 2 కాబట్టి ఒక్క దెబ్బకు సాధ్యమే. అదే గిన్నె ఎత్తు 10 సెంటీమీటర్లకు పెరిగితే బిళ్ళ దాదాపు 22.4 సెంటీమీటర్లు అవుతుంది, నిష్పత్తి 2.2 మించుతుంది. ఎత్తు అడ్డుకొలతకు సమానమైన మామూలు డబ్బా కూడా ఒక్క దెబ్బకు రావడం కష్టమే. మంచినీళ్ల గ్లాసయితే మరీను.

అందుకే లోతైన వస్తువును మెట్లు మెట్లుగా లాగుతారు. మొదటి డ్రా తర్వాతి మెట్లను రీడ్రా అంటారు. హద్దు దాకా పోకుండా మొదటి డ్రాలో అడ్డుకొలతను 40–45 శాతం మేరకే తగ్గిస్తారు. రెండోసారి 30 శాతం, మూడోసారి 16 శాతం మించకుండా చూసుకుంటారు. ప్రతి మెట్టు దగ్గరా లోహం గట్టిపడి ఓర్పు కోల్పోతుంది కనుక అంకె తగ్గుతూ పోతుంది. మధ్యలో కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి మెత్తబరచడాన్ని అనీలింగ్ అంటారు. ప్రెస్సులు రాకముందే మన కంచరులకు ఈ సంగతి తెలుసు. ఇత్తడి రేకును సుత్తితో తట్టి బిందెగా లేపేవారు మధ్యమధ్య దాన్ని బొగ్గుల కుంపటిలో కాల్చి, చల్లార్చి, మళ్ళీ తట్టేవారు. అంచులో లేచిన ముడతను సుత్తితో కొంచెం కొంచెంగా అణచడం వాళ్ల పద్ధతి. ప్రెస్ ఆ పనినే ఒక్క దిగుడులో చేస్తుంది.

రేకు పుట్టుక

ఒకే మందం, ఒకే బలం ఉన్న రెండు రేకుల్లో ఒకటి చక్కగా లాగబడితే రెండోది చిరగవచ్చు. దీని గుట్టు చాలాకాలం చిక్కలేదు. 1950లో లాంక్‌ఫర్డ్, స్నైడర్, బౌషర్ అనే ముగ్గురు ఒక కొలతను ముందుకు తెచ్చారు. రేకు ముక్కను పొడవునా లాగినప్పుడు అది వెడల్పులో ఎంత తగ్గింది, మందంలో ఎంత తగ్గింది అని చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించారు. ఇదే ఆర్ విలువ. లాంక్‌ఫర్డ్ గుణకం అని కూడా అంటారు. ఈ విలువ 1 కంటే ఎక్కువైతే రేకు పలచబడటానికి ఇష్టపడదు, వెడల్పు తగ్గడానికి ఒప్పుకుంటుంది. డీప్ డ్రాయింగ్‌కు కావలసింది సరిగ్గా అదే. అంచు ఇరుకు కావాలి, గోడ మాత్రం పలచబడకూడదు.

అల్యూమినియం రేకుల్లో ఈ విలువ సాధారణంగా 0.6–0.8 మధ్య ఉంటుంది. ఉక్కులో చాలా మెరుగు. 0.005 శాతం కంటే తక్కువ కార్బన్ మిగిల్చి, ఆ కాస్తనూ టైటానియం లేదా నయోబియంతో కట్టిపడేసిన ఐఎఫ్ ఉక్కులో అది 1.8 దాటుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 513 చల్లగా చుట్టిన మెత్తని ఉక్కు రేకులను డీ, డీడీ, ఈడీడీ అని వర్గీకరిస్తుంది. దుకాణంలో ‘ఈడీడీ షీటు కావాలి’ అన్న మాటకు అర్థం బాగా లోతుగా లాగడానికి వీలైన రేకు కావాలని. విశాఖ ఉక్కు కర్మాగారం కడ్డీలు, తీగ చుట్టలు, కోణాల వంటి పొడవు సరుకే చేస్తుంది. ఈ రకపు రేకులు అక్కడ తయారు కావు.

రేకును రోలర్ల మధ్య చుట్టడం వల్ల దానికి ఒక దిశ ఏర్పడుతుంది. కర్రకు నార ఉన్నట్టే. చుట్టిన దిశలో, అడ్డంగా, ఏటవాలుగా ఆర్ విలువలు వేరువేరుగా ఉంటే గిన్నె మూతి సమంగా రాక నాలుగు చోట్ల చెవుల్లా లేస్తుంది. పారిభాషికంగానూ దీన్ని చెవులనే అంటారు. చెవులు ఎంత పెద్దవైతే కోసి పారేసే అంచు అంత పెద్దది. కోట్ల సంఖ్యలో డబ్బాలు చేసేవారికి మిల్లీమీటరు చెవి కూడా చిన్న విషయం కాదు.

నునుపు, గరుకు, కందెన

డై మూతి మలుపు రేకు మందానికి ఆరు నుంచి పది రెట్ల గుండ్రంతో ఉండాలి. మరీ పదునైతే రేకు వంగలేక తెగుతుంది, మరీ గుండ్రమైతే బ్లాంక్ హోల్డర్ పట్టు త్వరగా తప్పి ముడతలు పడతాయి. పంచ్‌కూ డైకీ మధ్య ఖాళీ రేకు మందం కంటే ఓ పదో వంతు ఎక్కువ ఉంచుతారు, అంచు దళసరి అవుతుంది కదా. పంచ్ మధ్యలో గాలి పోయే సన్నని రంధ్రం వేస్తారు. అది లేకపోతే గిన్నె పంచ్‌ను అంటిపెట్టుకుని ఊడిరాదు. ఈ చిన్న రంధ్రం మరిచిపోయిన డైతో ఒక పూటంతా కుస్తీ పట్టినవారిని నేను చూశాను.

రాపిడి అన్నిచోట్లా శత్రువు కాదు. డై వైపు, బ్లాంక్ హోల్డర్ వైపు రేకు జారాలి కాబట్టి అక్కడ మెరుగు పెట్టిన నునుపు, నూనె, సబ్బు, కొవ్వు వంటి కందెనలు కావాలి. పంచ్ వైపు మాత్రం కాస్త గరుకే మేలు. గోడ పంచ్‌ను గట్టిగా పట్టుకుంటే అడుగు మలుపు మీద భారం తగ్గి చిరుగు తప్పుతుంది. అందుకే రేకుకు రెండు వైపులా ఉదారంగా నూనె పూసేవాడి కంటే, డై వైపు మాత్రమే పూసేవాడికి లోతైన గిన్నె వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు మీద పలచని ప్లాస్టిక్ పొర అంటించి లాగడం కూడా ఇందుకే. గీతలూ పడవు, జారుడూ దక్కుతుంది.

లాగిన తర్వాత వచ్చే పగుళ్లు

ప్రెస్ నుంచి చక్కగా బయటికి వచ్చిన గిన్నె కొన్నాళ్ల తర్వాత తనంతట తానే పగలడం ఈ పనిలో అన్నిటికంటే కలవరపెట్టే దోషం. దీనికి పేరుపొందిన ఉదాహరణ మన దేశంలోనే జరిగింది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం ఇక్కడ నిల్వ చేసిన తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలం వచ్చేసరికి నిలువునా పగిలేవి. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిపిన ఆ ఇత్తడిని పలు మెట్లలో లాగి గొట్టాలుగా చేసేవారు. రుతువును బట్టి వచ్చేది కాబట్టి దాన్ని ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. అసలు కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు విడమరిచారు. గుర్రపు శాలల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా వానకాలపు చెమ్మలో కరిగి ఇత్తడి మీద చేరేది. లాగుడు వల్ల తొడుగు గోడలో బిగిసి మిగిలిన ఒత్తిడి, ఆ అమ్మోనియా కలిసి పగులు పుట్టించేవి. రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పగులు రాదు. తయారైన తొడుగును తక్కువ వేడి మీద కాసేపు కాల్చి లోపలి బిగువు వదిలించడంతో పీడ విరగడైంది.

స్టీలు గిన్నెల్లో ఇలాంటిదే మరో రూపంలో కనిపిస్తుంది. నికెల్ తక్కువగా ఉన్న స్టెయిన్‌లెస్ రకాలను మరీ లోతుగా లాగితే గంటల తర్వాతో రోజుల తర్వాతో మూతి నుంచి కిందికి నిట్టనిలువు చీలిక వస్తుంది. లాగినప్పుడు లోహంలోని స్ఫటికాలు కొన్ని మార్టెన్‌సైట్ అనే గట్టి రూపానికి మారతాయి. అక్కడ బిగువు, హైడ్రోజన్ తోడై ఆలస్యంగా పగులు వస్తుంది. ఈ మార్పుకు ఇంకో గుర్తు కూడా ఉంది. మార్టెన్‌సైట్‌కు అయస్కాంతం అంటుకుంటుంది. కొందరు గిన్నె కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి, కొంచెం లాగినా ‘ఇది మంచి స్టీలు కాదు’ అని తిప్పి పంపుతారు. మేలైన 304 రకపు గిన్నె కూడా లోతుగా లాగిన గోడ దగ్గర, మూతి దగ్గర అయస్కాంతాన్ని కాస్త లాగుతుంది. దాని అడుగున పెట్టి చూస్తే ఆ లాగుడు దాదాపు ఉండదు. పరీక్ష తప్పు కాదు, పరీక్షించే చోటే మారాలి.

గ్యాస్ బండ, పానీయాల డబ్బా

ఇంట్లో ఉన్న 14.2 కిలోల గ్యాస్ బండ నడుము చుట్టూ చేయి పెడితే రంగు కింద ఒక అతుకు గట్టు తగులుతుంది. ఆ గట్టు అక్కడెందుకుందో డ్రా నిష్పత్తి చెబుతుంది. బండలో 33.3 లీటర్ల నీరు పడుతుంది, అడ్డుకొలత 31 సెంటీమీటర్లకు కాస్త పైన. మొత్తం బండను ఒకే బిళ్ళ నుంచి లాగాలంటే ఎన్నో మెట్లు కావాలి. దాన్ని నడుము దగ్గర రెండు సగాలుగా చేస్తే, స్థూలంగా లెక్కకడితే ఒక్కో సగానికి 58 సెంటీమీటర్ల బిళ్ళ చాలు. నిష్పత్తి 1.9 లోపే ఉంటుంది. అంటే ఒకే దెబ్బలో దిగే గిన్నె. ఇందుకు ఐఎస్ 6240 ప్రమాణపు ఉక్కు రేకు వాడతారు. పై సగానికి వాల్వు కూర్చునే రంధ్రం వేసి, రెండు సగాల మూతులను ఒకదానిలో ఒకటి అమర్చి వెల్డింగ్ చేస్తారు. తర్వాత కొలిమిలో కాల్చి బిగువు వదిలిస్తారు. ప్రతి బండనూ నీటి ఒత్తిడితో పరీక్షిస్తారు. ప్రతి తడవలో కొన్నిటిని ఏరి పగిలేదాకా ఒత్తిడి పెంచుతారు. మంచి బండ ముక్కలుగా విరగకూడదు, బాగా ఉబ్బి ఆ తర్వాతే చీలాలి.

పానీయాల అల్యూమినియం డబ్బా దీనికి మరో కొస. అమెరికాలో కూర్స్ సంస్థ 1959లో అల్యూమినియం బీరు డబ్బాను మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పటి డబ్బాకు సుమారు 140 మిల్లీమీటర్ల బిళ్ళను పావు మిల్లీమీటరుకు కాస్త పైబడిన రేకు నుంచి కోస్తారు. మొదటి డ్రాలో అది 89 మిల్లీమీటర్ల గిన్నె, రెండోదానిలో 66 మిల్లీమీటర్ల గిన్నె అవుతుంది. అప్పటికి ఎత్తు 57 మిల్లీమీటర్లే. అక్కడి నుంచి అదే పంచ్ దాన్ని వరుసగా మూడు ఉంగరాల గుండా తోస్తుంది. ఒక్కో ఉంగరం గోడను ఇస్త్రీ చేసినట్టు పలచ చేస్తుంది. పేరూ అదే, ఐరనింగ్. గోడ మందం దాదాపు 0.1 మిల్లీమీటరుకు దిగేసరికి ఎత్తు రెండింతలు దాటుతుంది. రీడ్రా, మూడు ఉంగరాల ఇస్త్రీ, అడుగు గుంట నొక్కడం, ఇదంతా సెకనులో అయిదో వంతులో ముగిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇలాంటి డబ్బాల కర్మాగారం నడుస్తోంది. ఖాళీ డబ్బాను రెండు వేళ్లతో నొక్కితే సొట్టపడే గోడ, అడుగున మాత్రం ఎంత నొక్కినా లొంగని గుంట, ఈ తేడాలో డ్రా ఎక్కడ ఆగి ఇస్త్రీ ఎక్కడ మొదలైందో చేతికే తెలుస్తుంది.

కార్ల దాకా, ఆపైన

ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ బడ్ 1912లో పెట్టిన సంస్థ కారు బాడీని చెక్క చట్రం లేకుండా పూర్తిగా ఉక్కు రేకులతో నొక్కి చేయడాన్ని వ్యాపార స్థాయికి తెచ్చింది. 1924లో సిట్రొయెన్ అదే పద్ధతిని యూరప్‌కు తీసుకెళ్లింది. అయితే కారు తలుపు, బానెట్ వంటివి గిన్నెల్లా ముందే తెలిసిన లెక్కలకు లొంగవు. ఒక మూల లాగబడుతుంది, పక్కనే సాగుతుంది, ఇంకోచోట వంగుతుంది. రేకు ఎక్కడ ఎంత వేగంగా లోపలికి రావాలో నియంత్రించడానికి డై అంచులో డ్రా బీడ్ అనే చిన్న గట్లు పెడతారు. 1960లలో కీలర్, గుడ్‌విన్ అనే ఇంజినీర్లు రేకు మీద చిన్న వలయాలు ముద్రించి, నొక్కాక అవి ఏ ఆకారానికి సాగాయో కొలిచి, ఏ సాగుడు దగ్గర చిరుగుతుందో ఒక పటంగా గీశారు. ఇవాళ కంప్యూటర్‌లో డై గీసేవారు ఉక్కును తాకకముందే చూసుకునేది ఆ పటం వారసత్వమే. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలోని ప్రెస్ షాపు అలాంటి కారు పలకలను నొక్కుతుంది. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ డై తయారీ చదువు చెబుతోంది.

డై బదులు నీటిని వాడే పద్ధతి కూడా ఉంది. రేకు కింద ఒత్తిడితో ఉన్న నీరు గోడను పంచ్‌కు అదిమి పట్టడం వల్ల రాపిడి మేలు చేసి, నిష్పత్తి 2.5 దాకా పోతుంది. చల్లగా ఉన్నప్పుడు పెళుసుగా ఉండే మెగ్నీషియం రేకును 200–250 డిగ్రీల వేడిలో లాగుతారు. బోరాన్ కలిసిన ఉక్కునైతే 900 డిగ్రీలు దాటించి ఎర్రగా ఉండగానే డైలో నొక్కి, అక్కడే చల్లార్చి 1500 మెగాపాస్కల్ బలం తెప్పిస్తారు. స్వీడన్‌లో పుట్టిన ఈ పద్ధతిని 1984లో సాబ్ 9000 కారు తలుపుల్లోని అడ్డదూలాలకు వాడారు. ఇక్కడ రేకు లాగబడటం, గట్టిపడటం రెండూ ఒకే డైలో, ప్రెస్ ఇంకా మూసి ఉండగానే జరిగిపోతాయి. అందుకే ఆ డై లోపల నీటి కాలువలు తవ్వి ఉంటాయి.